తారు రోడ్డు అయిపోయాక...

"ఎవరెవరు వెళ్తున్నారు?"

"నేనొక్కణ్ణే."

"ఆఫీసు పనా?"

"కాదమ్మా."

"మరెందుకూ?"

శుక్రవారం రాత్రి అన్నం దగ్గర అమ్మ వేసిన ఈ మూడో ప్రశ్నకి మజ్జిగ తాగుతూ తప్పించుకున్నా. నిజానికి నా దగ్గర జవాబు లేదు. వారమంతా మద్దిలపాలెం ట్రాఫిక్‌లో ఫస్టు గేరులో పాకిన బండినీ, దాంతోపాటు నన్నూ రెండు రోజులు ఎవరూ లేని కంకర దారిలో వదిలేయాలనిపించింది. అంతే. ఇలాంటి మాట పప్పు వడ్డిస్తున్న తల్లితో అంటే ఏమవుతుందో మీకు తెలుసు.

మా ఆవిడ మాత్రం ఎందుకని అడగలేదు. (పెళ్ళయి ఎనిమిదేళ్ళు. అడిగి లాభం లేదని ఎప్పుడో తెలిసిపోయింది.) ఓ తెల్లకాగితం తెచ్చి నా ముందు పెట్టింది. "ఏ దారిన వెళ్తావో, రాత్రి ఎక్కడ పడుకుంటావో, ఎన్నింటికి తిరిగొస్తావో రాసివ్వు. చీకటి పడ్డాక బండి నడపనని కూడా రాయి" అంది. రాసిచ్చాను. దాన్ని ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించింది. బండి మీద ఒంటరిగా వెళ్ళే ప్రతివాళ్ళ ఇంట్లోనూ ఇలాంటి కాగితం ఒకటి ఉండాలి. కొండల్లో ఫోను పలకదు. మనం ఎక్కడున్నామో మనకి తెలిస్తే చాలదు, ఇంకొకరికి కూడా తెలియాలి.

వెనక సీటు మీద కట్టిన సంచిలో బట్టలు తక్కువ, ఇనుము ఎక్కువ. రెండు ట్యూబులు, టైరు విప్పే రాడ్లు, కాలి పంపు, క్లచ్ కేబులు, క్లచ్ లీవరు, కట్టుతీగ, టార్చిలైటు, నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. పంపు చూసి మా పాప "నాన్నా, ఇది నా సైకిల్‌ది కదా!" అని పట్టేసింది. అవును, దాని సైకిల్‌దే. దాని సంగతి తర్వాత చెప్తా.

శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకి విశాఖ వదిలాను. నవంబరు చివరి వారం. అనకాపల్లి దాటి, తాళ్ళపాలెం జంక్షన్ దగ్గర హైవే వదిలి కుడివైపు తిరిగి, నర్సీపట్నం చేరేసరికి తెల్లవారింది. ట్యాంకు నిండా పెట్రోలు పోయించుకున్నా. ఈ ఊళ్ళో ఇద్దరు ఇంగ్లీషు అధికారుల సమాధులున్నాయి. పేర్లు స్కాట్ కవర్డ్, హైటర్. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో అల్లూరి సీతారామరాజు దళం చేతిలో చనిపోయినవాళ్ళు.

ఇక్కణ్ణుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి ఎక్కే రోడ్డుకీ ఆ కథకీ దగ్గరి చుట్టరికం ఉంది. గూడెం డిప్యూటీ తహసీల్దారుగా ఉన్న బాస్టియన్ అనే అధికారి ఈ ఏజెన్సీ రోడ్డు పనికి గిరిజనుల్ని బలవంతంగా తోలేవాడు. కూలి సరిగ్గా ఇచ్చేవాడు కాదు. అసలే అడవి చట్టాలొచ్చి పోడు కొట్టుకోనివ్వడం లేదు. పైన ఈ రోడ్డు చాకిరీ. గాం మల్లుదొర, గాం గంటందొర అన్నదమ్ములకి బాస్టియన్ అంటే ఒళ్ళుమంట. 1922 ఆగస్టు 22న రాజు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడినప్పుడు ఆ అన్నదమ్ములు ఆయన వెంటే ఉన్నారు. మనం స్కూల్లో 'మన్యం తిరుగుబాటు' అని చదువుకున్నదానికి ఉన్న కారణాల్లో ఒకటి ఓ రోడ్డు! అప్పుడు నాకు ఇది బండి ఎక్కినవాడికి తట్టే సరదా సంగతిలా అనిపించింది. సాయంత్రానికి ఇదే సంగతి ఇంకొకరి నోట వినాల్సి వస్తుందనుకోలేదు.

లంబసింగి గురించి ఎక్కువ చెప్పను. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది, చలికాలం తెల్లవారుజామున చలి సున్నా దగ్గరికి దిగుతుంది. దీన్నే కొర్రబయలు అని కూడా అంటారు. బయట పడుకున్నవాడు పొద్దున్నకి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరట. ఇప్పుడక్కడ బిగుసుకుపోవడానికి చోటు లేదు. కార్లు, టెంట్లు, మంచులో ఫొటోలు తీసుకునే జంటలు. ఓ గ్లాసు టీ తాగి బయటపడ్డాను. రాజమహేంద్రవరం నుంచి కొండల మీదుగా విజయనగరం వెళ్ళే 516-ఇ జాతీయ రహదారి కూడా ఈ లంబసింగి, చింతపల్లి మీదుగానే కాబట్టి ఇక్కడ రోడ్డు సంగతి చెప్పుకోవడానికేం లేదు. నాకు కావలసింది ఇది కాదు.

చింతపల్లి దాటి, గూడెం కొత్తవీధి దాటాక మొదలైంది అసలు మజా. రెండు పక్కలా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు. పండిన కాఫీ కాయలు ఎర్రగా గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. ఎదురు కొండ మీద వలిసె పూలు పసుపు ఆరబోసినట్టు. ఈ ఊళ్ళ పేర్లన్నీ ఎదురుకాల్పుల వార్తల్లోనే చదివిన తరం మాది. సీలేరు అంటే పేపర్లో నల్ల బోర్డరు కట్టిన వార్తే గుర్తొచ్చేది. ఆ ఊరి పేరు రాసిన మైలురాయి పక్కన కూచుని ఇంట్లోంచి తెచ్చుకున్న పులిహోర తింటానని పదిహేనేళ్ళ కిందట ఎవరైనా చెబితే నమ్మేవాణ్ణి కాదు.

తిన్నాక మ్యాపు తీశాను. సీలేరు రోడ్డు నుంచి ఎడమవైపు సన్న గీత ఒకటి లోపలికి వెళ్ళి, ఓ ఊరు తాకి, కొండ చుట్టూ తిరిగి మళ్ళీ ఇదే రోడ్డులో కలుస్తోంది. మొత్తం పాతిక కిలోమీటర్లుంటుందేమో. మధ్యాహ్నం రెండున్నర. ఫ్రిజ్ మీది కాగితంలో ఈ దారి లేదు. సిగ్నల్ ఓ గీత ఉంటే ఆ మలుపు పేరు మా ఆవిడకి మెసేజ్ పెట్టి ఎడమకి తిప్పాను.

పేపర్లో మేం 'గ్రావెల్ రోడ్డు' అని ఒక్క మాటలో తేల్చేస్తాం గానీ, బండి మీద వెళ్ళేవాడికి దాన్లో రకాలున్నాయి. ఎర్రమట్టి పోసి రోలరు తొక్కించిన రోడ్డు ఒకటి. వేసవిలో దాని మీద వెళ్తుంటే చాప మీద వెళ్తున్నట్టుంటుంది, వెనక ధూళి లేస్తుంది, అంతే. రెండోది కంకర రోడ్డు. కోడిగుడ్డు నుంచి పిడికిలి దాకా ఉండే రాళ్ళు పరిచి, సందుల్లో రాతిపొడి నింపి, నీళ్ళు కొట్టి రోలరు తోలుతారు. దీని మీద తారు పడాలి. పడితే నూరేళ్ళ రోడ్డు. పడకపోతే రెండు వానాకాలాలకి పొడి కొట్టుకుపోయి రాయి పైకి తేలుతుంది. అప్పుడది రోడ్డు కాదు, గోళీల సంచి చింపి పోసిన నేల. నేను ఎక్కింది ఈ రెండోదే.

ఆగి టైర్లలో గాలి తగ్గించాను. గాలి తగ్గితే టైరు కాస్త వెడల్పై రాయిని పట్టుకుంటుంది. వెనకది 22కి, ముందుది 20కి దించాను. ఆ తర్వాత చేయాల్సిందల్లా తారు రోడ్డు మీద నేర్చుకున్నది మర్చిపోవడమే. సీటు మీంచి లేచి ఫుట్‌రెస్టుల మీద నిలబడాలి. మోకాళ్ళతో ట్యాంకుని పట్టుకోవాలి, హ్యాండిల్ని మాత్రం పిచ్చుకపిల్లని పట్టుకున్నంత మెత్తగా పట్టుకోవాలి. ముందు చక్రం కుడికీ ఎడమకీ ఊగుతుంది, ఊగనివ్వాలి. దాన్ని సరిచేద్దామని బిగించినవాడే పడతాడు. చూపు చక్రం ముందున్న రాయి మీద కాదు, ఇరవై అడుగుల అవతల ఉండాలి. కన్ను ఎటుంటే బండి అటు పోతుంది. దిగుడులో సెకండు గేరు, వెనక బ్రేకు. మలుపులో ముందు బ్రేకు మీద వేలు కూడా పెట్టకూడదు.

ఇవన్నీ ఒకేసారి చేస్తుంటే బుర్రలో ఇంకేదీ పట్టదు. ఇన్‌స్టాల్‌మెంట్లు లేవు, ఎడిటర్‌గారు లేరు, మంగళవారం ఇవ్వాల్సిన ముఖచిత్ర కథనం లేదు. అమ్మ ప్రశ్నకి జవాబు బహుశా ఇదే. కానీ దీన్ని అన్నం దగ్గర ఎలా చెప్పడం?

అలా నన్ను నేనే మెచ్చుకుంటూ వెళ్తుంటే వెనక హారన్ మోగింది. పక్కకి తప్పుకున్నా. ఓ పాత స్ప్లెండర్. దాని మీద ముగ్గురు. మధ్యవాడి ఒళ్ళో బియ్యం మూట, వెనకవాడి చేతిలో కోడి. నడిపేవాడి కాళ్ళకి హవాయి చెప్పులు. మోకాళ్ళకి కవచాలు, చేతులకి తొడుగులు, నెత్తిన ఆరువేల రూపాయల హెల్మెట్‌తో నిలబడి నడుపుతున్న నన్ను ఆ కోడి కూడా వింతగా చూసింది. రెండు నిమిషాల్లో కనుమరుగైపోయారు.

ఎనిమిదో కిలోమీటరు తర్వాత ఘాటు మొదలైంది. మొదటి మలుపు, రెండో మలుపు దాటాను. మూడోది ఎడమవైపు ఎక్కుతూ తిరిగే మలుపు. లోపలివైపు రాళ్ళన్నీ దొర్లి ఓ కుప్పలా చేరాయి. అక్కడ నేను చేసిన తప్పు పైన చెప్పిందే. ముందు చక్రం జారుతుంటే భయపడి బ్రేకు పట్టాను. బండి నెమ్మదిగా, చాలా మర్యాదగా, ఎడమవైపు పడుకుంది. దాని కింద నా కాలు. మోకాలికి కవచం ఉండబట్టి తోలు మాత్రం లేచింది. క్లచ్ లీవరు సగానికి విరిగింది.

కాలు లాక్కుని, బండిని లేపబోతే లేవలేదు. ఎగువ నేలలో కంకర మీద పడ్డ బండిని ఒక్కడు లేపడం ఎంత కష్టమో పడితేగానీ తెలియదు. పదిహేను నిమిషాలు తంటాలు పడ్డాక పైనుంచి ఓ కుర్రాడు దిగివచ్చాడు. హవాయి చెప్పుల స్ప్లెండర్ కుర్రాడే. బండి చప్పుడు ఎంతకీ ఊళ్ళోకి రాకపోతే పడే ఉంటానని అనుకున్నాడట!

"ఏటి సార్, తగిలిందేటి? ఈ మూడో మలుపులో అందరూ పడతారండి" అన్నాడు, ఓదార్పుగా.

ఐటీఐ చదివాడట. నా సంచిలోంచి లీవరు తీసి పది నిమిషాల్లో బిగించేశాడు. అప్పటికి వెలుగు తగ్గుతోంది. "ఈ రోడ్డు అవతల సీలేరు రోడ్డులో కలుస్తుందా?" అని అడిగాను. "మా ఊరితో ఆఖరండి. అవతల కాలిదారే" అన్నాడు. మ్యాపులో గీత గీసినవాడు ఎప్పుడూ ఇక్కడికి వచ్చి ఉండడు. చీకట్లో నడపనని కాగితం మీద రాసిచ్చి ఉన్నాను కాబట్టి, కుంటుకుంటూ ఆ ఊరికి ఎక్కాను.

ఊరి పేరు రాయను. 34 గడపలు, నూట యాభై మంది జనం. ఓ బడి, ఓ బోరింగు, రెండు సోలార్ దీపాలు. వాళ్ళింట్లో నన్ను కూచోబెట్టి వేడివేడి చోడి అంబలి పోశారు. బయట మంట వేశారు. ఒక్కొక్కరే వచ్చి చుట్టూ చేరారు. పట్నం నుంచి బండేసుకుని ఒక్కడూ ఎందుకొచ్చాడన్నది ఇక్కడ కూడా ప్రశ్నే! సర్వే కోసమా? కాఫీ కొంటారా? సెల్ టవరు వేస్తారా? ఊరికే వచ్చానంటే ఎవరూ నమ్మలేదు.

ఇంతలో ఓ పెద్దాయన అడిగాడు. "రోడ్డెలగుంది బాబూ?"

"బాగుందండీ" అనేశాను.

నిజంగా నోరుజారి వచ్చిన మాట. ఆ పూటంతా నాకు ఆ రోడ్డు బాగుంది మరి! ఓ క్షణం ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత మంట అవతల కూచున్న ముసలమ్మ, "బాగుంటే మీ ఊరు పట్టికెల్లిపో నాయనా" అంది. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను గానీ చెవులు వేడెక్కాయి.

ఆ తర్వాత రోడ్డు కథంతా విన్నాను. మూడేళ్ళ కిందట మట్టి పని చేశారు. మరుసటేడు కంకర పరిచారు. తారు వేసేలోగా వానలొచ్చాయి, కాంట్రాక్టరు మిషన్లు తీసుకుని వెళ్ళిపోయాడు. బిల్లు రాలేదని ఆయన అంటాడట, పని పూర్తి కాలేదని ఆఫీసులో అంటారట. మధ్యలో రాళ్ళు ఇలా మిగిలాయి. అంతకుముందు వరకూ అసలు ఈ ఊరు ఏ లెక్కలోకీ వచ్చేది కాదు. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మైదానంలో అయితే 500 మంది, కొండ ప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో అయితే 250 మంది ఉన్న ఆవాసానికి రోడ్డన్నారు. నూట యాభై మంది ఉన్నచోట మనుషులు లేనట్టే లెక్క! ఆదిమ తెగల కోసం 2023లో వచ్చిన పీఎం జన్‌మన్ పథకం ఆ అంకెని 100కి దించింది. అంకెలు దిగడానికి ఇరవైమూడేళ్ళు పట్టిందన్నమాట.

గుమ్మం పక్కన గోడకి ఆనించి పొడవాటి వెదురు బొంగు ఒకటి ఉంది. రెండు చివర్లా భుజాల రాపిడికి నున్నగా అయిపోయింది. డోలీ కర్ర. దుప్పటి ఉయ్యాలలా కట్టి, పురిటి మనిషినో రోగినో అందులో పడుకోబెట్టి ఇద్దరు మోసుకెళ్తారు. ఏజెన్సీలో డోలీ మోతల ఫొటోలు మా పేపర్లో ఎన్నిసార్లు వేశామో లెక్కలేదు. ఆ కర్రని చేత్తో ముట్టుకోవడం మాత్రం ఇదే మొదటిసారి. 2018లో గిరిజన ప్రాంతాల్లో బైకు అంబులెన్సులు ప్రవేశపెట్టారు, ఫీడర్ అంబులెన్సులని పేరు. "ఆ బండి మీ ఊరికి వచ్చిందా?" అంటే, "ఒకపాలి వచ్చిందండి, మూడో మలుపు దాకా" అన్నాడు కుర్రాడు.

పెద్దాయన చుట్ట ఆరిపోతే మంటలోంచి ఓ కొరివి తీసి ముట్టించుకుంటూ అన్నమాట ఇది: "మా తాతలనాడు తెల్లోళ్ళు రోడ్డెయ్యండని మమ్మల్ని కొట్టీవోరంట. ఒద్దు మొర్రో అన్నా ఏయించినారు. ఇప్పుడు మేం ఎయ్యండని దండాలెడతన్నాం. ఒక్కడూ ఎయ్యడు."

పొద్దున్న నర్సీపట్నంలో నేను గర్వంగా గుర్తుచేసుకున్న చరిత్ర ఆయన రెండు ముక్కల్లో చెప్పేశాడు. ఆయనకి బాస్టియన్ పేరు తెలియదు. అవసరం లేదు.

ఆదివారం పొద్దున్న ఆరింటికి ఎవరో తలుపు తట్టారు. ఓ పాతికేళ్ళ అమ్మాయి, భుజాన నాలుగేళ్ళ పిల్లాడు. మూడు రోజులుగా జ్వరం. మొన్న ఆశా కార్యకర్త వచ్చి మాత్రలిచ్చి, తగ్గకపోతే ఆస్పత్రికి తీసుకెళ్ళమందట. రాత్రి దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. వాళ్ళాయన కాఫీ పళ్ళ కోతకి పక్క ఊరి తోటకి వెళ్ళాడు. ఊళ్ళో ఉన్న రెండు బళ్ళూ తెల్లవారకుండానే సంతకి దిగిపోయాయి. మిగిలింది నాది. ఆమె నన్నేమీ అడగలేదు, గుమ్మంలో నిలబడింది అంతే. అడిగింది పెద్దాయన. "బాబూ, కిందకి దింపీగలవేటి?"

దింపగలనా? తారు రోడ్డు మీదైతే ఆలోచించక్కర్లేదు. ముందురోజు ఒక్కణ్ణే వచ్చి పడినవాణ్ణి. ఇప్పుడు దిగుడు, వెనక ఓ మనిషి, మధ్యలో పసివాడు. నిలబడి నడపడం కుదరదు. వెనక కూచున్నవాళ్ళ బరువు ముందు చక్రాన్ని తేలిక చేస్తుంది, పట్టు ఇంకా తగ్గుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, నా సరదా కోసం టైర్లలో గాలి సగానికి దించేశాను. ఆ గాలితో ఇద్దరి బరువు వేసి మొనదేలిన రాళ్ళ మీద తోలితే ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి రెండు చోట్ల చిరుగుతుంది. కొండ మధ్యలో పిల్లాడితో పంక్చరు!

సంచి అక్కడే దించేసి, మా పాప సైకిల్ పంపు తీశాను. ఆ పంపుతో మోటారుసైకిలు టైరుకి 22 నుంచి 30కి గాలి ఎక్కించడమంటే మాటలు కాదు. నేను ఓ నూరు, కుర్రాడు ఓ నూరు, మళ్ళీ నేను. ఆమె నిలబడి చూస్తోంది. పిల్లాడి తల భుజం మీద వాలిపోయి ఉంది. అంత చలిలో నాకు చెమటలు పట్టాయి. ఒక్కో కొట్టుకీ పంపు కిర్రుమంటుంటే, నిన్న మధ్యాహ్నం బుస్సుమని గాలి వదిలేసినప్పుడు ఎంత హాయిగా అనిపించిందో గుర్తొచ్చింది.

పిల్లాణ్ణి నాకూ ఆమెకీ మధ్య కూచోబెట్టి, పాత చీరతో ముగ్గుర్నీ కలిపి చుట్టారు. హెల్మెట్ ఆమెకి ఇచ్చాను. వద్దంది. పెద్దాయన కసిరితే పెట్టుకుంది. నా వీపుకి ఆనుకున్న పిల్లాడి ఒళ్ళు, జాకెట్టు మీంచి కూడా పెనంలా తగులుతోంది.

ఫస్టు గేరు. పది కిలోమీటర్ల వేగం. ప్రతి రాయీ కనపడుతోంది. నిన్న ఇదే దారిలో ఏ గుంట మీంచి ఎగిరితే బాగుంటుందా అని వెతుక్కున్నాను. అర కిలోమీటరు వెళ్ళామో లేదో వెనకనుంచి చిన్న గొంతు. "కొంచెం బేగి ఎల్దురూ బాబూ..."

వెళ్ళలేదు. ఆమె అడగడం న్యాయమే, కానీ వెళ్ళలేదు. "పడితే ఇంకా ఆలస్యమవుతుందమ్మా" అన్నాను. ఆమె మళ్ళీ మాట్లాడలేదు. ఆ మౌనం ఆ పదకొండు కిలోమీటర్లూ నా మెడ మీద ఉంది.

మూడో మలుపు దగ్గర ఆపాను. చీర ముడి విప్పి దిగమన్నాను. బండిని ఆపకుండా, ఎక్కకుండా, పక్కన నడుస్తూ క్లచ్ మీద రాళ్ళ కుప్ప దాటించబోతే చక్రం మళ్ళీ జారింది. కాళ్ళకి బూట్లున్నా నేను తూలాను. ఆమె మాత్రం పిల్లాణ్ణి చంకన వేసుకుని, ఉత్త కాళ్ళతో, ఆ రాళ్ళ మీంచి గబగబా నడిచి మలుపు దాటేసి, అవతల నా కోసం నిలబడింది.

నిన్న ముప్పావుగంటలో ఎక్కిన దారి, మధ్యలో పడిన సమయం తీసేస్తే. ఇవాళ దిగడానికి గంటా పది నిమిషాలు పట్టింది. తారు రోడ్డు మీదికి రాగానే బండి ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. అప్పుడు తోలాను బేగి.

ఆరోగ్య కేంద్రంలో ఆదివారమైనా నర్సమ్మ ఉంది. పిల్లాడి వేలికి సూది గుచ్చి, ఓ చుక్క చిన్న ప్లాస్టిక్ పట్టీ మీద వేసింది. పావుగంట చూడాలంది. ఆ పావుగంటలో నేను గోడ మీది దోమల పోస్టరు ఎన్నిసార్లు చదివానో! మలేరియా. "తెల్లారకుండా తేవడం మంచిదైంది" అని ఆమెతో అంటూ మూడు రోజుల మాత్రలు చేతిలో పెట్టి, మొదటి మోతాదు అక్కడే మింగించి, సాయంత్రం దాకా మంచం మీద ఉంచమంది. పిల్లాడు మాత్ర చేదుకి ఏడ్చాడు. పొద్దుట్నుంచి వాడి గొంతు వినడం అదే మొదటిసారి. ఆమె నవ్వింది. నేను బయటికి వచ్చి కాసేపు బండి పక్కన నేల మీద కూచున్నాను, చేతులు వణుకుతున్నాయి.

సంత నుంచి వచ్చిన స్ప్లెండర్ కుర్రాడు నా సంచి తెచ్చిచ్చాడు. దాన్లో నేను పెట్టని బరువు ఏదో తగిలింది. రాజ్మా గింజలు, రెండు కేజీలు పైనే. పంపు అతని చేతిలో పెట్టి ఉంచుకోమన్నాను. "మరి దార్లో మీకు?" అన్నాడు. తారు రోడ్డు కదా అన్నాను.

ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిది. కాగితంలో రాసింది ఏడు. చీకట్లో నడిపినందుకు ఓ విడతా, కుంటుతున్నందుకు ఓ విడతా అయ్యాయి. పాప సైకిల్ పంపేదని అడిగింది. చెప్పాను. అమ్మ రాజ్మా గింజలు చాటలో పోసి ఏరుతూ అంతా విని, "ఆ పిల్లాడికి ఎలా ఉందో కనుక్కున్నావా?" అంది. ఎందుకు వెళ్ళావని మళ్ళీ అడగలేదు.

కనుక్కుందామంటే ఆ ఊళ్ళో ఫోను పలకదు. పది రోజుల తర్వాత ఓ బుధవారం మధ్యాహ్నం కుర్రాడే చేశాడు, సిగ్నల్ కోసం కొండెక్కి.

"పిల్లోడు బాగున్నాడు సార్, పరిగెడతన్నాడు. మీరెల్లాక ఊరంతా కలిసి రెండు రోజులు పని చేసినాం. మూడో మలుపులో రాళ్ళన్నీ ఏరీసి, ఎర్రమట్టి పోసి, దిమ్మిసతో కొట్టీసినాం. ఈసారొస్తే పడరు మీరు."

"తారు సంగతి?" అన్నాను.

"అది మీరే రాయాలి సార్" అన్నాడు. అంతలో లైను కట్టయింది.